డ్యామ్ పక్కనే ఉన్నా నీళ్లు కొనుక్కునే ఊరు: ఒక జులు పల్లెలో నా అనుభవం

దక్షిణాఫ్రికాలో చదువుకోవాలనుకునే మన పిల్లలు ఎక్కువగా అడిగేది వీసా గురించి, స్కాలర్‌షిప్ గురించి. పల్లెల్లో పరిశోధన చేసేవాళ్లకు ఆ రెండూ దాటాకే అసలు టెన్షన్ మొదలవుతుంది. ఊళ్లో అడుగు పెట్టడానికి ఎవరిని అడగాలి? 2023లో నేను అక్కడ జులు అనే జాతివాళ్ల పల్లె ఒకదానిలో తాగునీటి సర్వే చేశాను. అనుమతి ఎలా దొరికింది, ఎవరెవరి గడప తొక్కాల్సి వచ్చింది అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను. రాయనని వాళ్లకు మాటిచ్చాను.

క్వాజులు-నటాల్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, ఎస్వాతినీ, మొజాంబిక్ సరిహద్దులకు దగ్గర్లో లెబొంబో కొండలున్నాయి. ఆ కొండ మీద జోజిని అనే చిన్న పట్టణం, పక్కనే ఫొంగొలో నది మీద 1973లో పూర్తయిన పెద్ద డ్యామ్. గోడ ఎత్తు 89 మీటర్లు. కొండ దిగితే మఖతిని మైదానం మొదలవుతుంది. అక్కడ తెల్ల రైతుల చేత చెరకు వేయించాలని అప్పటి తెల్లవాళ్ల ప్రభుత్వం ఆ డ్యామ్ కట్టింది. చుట్టుపక్కల జులు కుటుంబాల తాగునీటి అవసరం ఆ ప్లానులో లేదు. ఇప్పటికీ కొండ మలుపులో నిలబడితే ఒకవైపు మైళ్ల పొడవున నీళ్లు, ఇంకోవైపు తోపుడు బండ్లలో ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టుకుని నడిచే ఆడవాళ్లు కనిపిస్తారు.

నేను పుట్టింది కనిగిరి దగ్గర. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు పచ్చబడి, నడుములు వంగిన మనుషుల మధ్య పెరిగాను. మా ఇంట్లో నెల ఖర్చు రాసుకునే పుస్తకంలో బియ్యం పక్కనే నీళ్ల క్యాన్ల లెక్క ఉండేది. అందుకే డర్బన్‌లో పీజీ పరిశోధనకు అంశం ఎంచుకోమన్నప్పుడు, నీళ్ల కోసం పేదవాళ్లు నిజంగా ఎంత ఖర్చు పెడతారో లెక్క కట్టాలని ముందే నిర్ణయించుకున్నాను.

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ మొదట అడిగేది గేట్‌కీపర్ లెటర్. అంటే ఆ ప్రాంతం మీద అధికారం ఉన్నవాళ్లు 'ఈ మనిషి మా దగ్గర పని చేసుకోవచ్చు' అని రాసిచ్చే కాగితం. ఎవరికి అధికారం అన్నదే చిక్కు. ఆ రాష్ట్రంలో సుమారు 28 లక్షల హెక్టార్ల భూమి, అంటే మొత్తంలో దాదాపు మూడో వంతు, ఇంగోన్యామా ట్రస్టు కింద ఉంది. 1994 ఏప్రిల్‌లో, తొలి ప్రజాస్వామ్య ఎన్నికలకు సరిగ్గా ముందు ఆ ట్రస్టు చట్టం వచ్చింది. జులు రాజే దానికి ఏకైక ట్రస్టీ. రాజు కింద ఒక్కో తెగ ప్రాంతానికి ఒక ఇన్‌కోసి (తెగ నాయకుడు), ఆయనకు సాయంగా సంప్రదాయ మండలి, దాని కింద ఒక్కో పేటను చూసుకునే ఇందునా. ఇల్లు కట్టుకోవడానికి స్థలం కావాలన్నా, పశువుల తగాదా తీరాలన్నా జనం వెళ్లేది ఇందునా దగ్గరికే. ఇంకోవైపు ఎన్నికైన వార్డు కౌన్సిలర్ ఉంటారు. చట్టం ప్రకారం తాగునీటి బాధ్యత జిల్లా మున్సిపాలిటీది. భూమి ఒకరిది, పైపు ఇంకొకరిది. ఇద్దరిలో ఎవరిని పక్కన పెట్టినా పని ముందుకు సాగదు.

నాకు దారి చూపింది ఆ ఊరి అమ్మాయే. పన్నెండో తరగతి పాసై ఉద్యోగం లేక ఇంట్లో ఉంటోంది. సర్వేలో సహాయకురాలిగా తీసుకున్నాను. ఆమెను నేను సిసి అని పిలిచేదాన్ని, అక్కచెల్లెళ్లను అక్కడ అలాగే పిలుస్తారు. "ముందు మండలి ఆఫీసుకు వెళ్లొద్దు. మా ఇందునాకు తెలియకుండా పైకి వెళ్తే ఆయన్ని అవమానించినట్టే" అని మొదటి రోజే చెప్పింది. ముందు వాళ్ల బాబాయితో మాట్లాడాం. ఆయన ఇందునాతో మాట్లాడాడు. అప్పుడు ఇందునా మమ్మల్ని రమ్మన్నాడు. చక్కెర, టీ పొడి, బిస్కెట్లు పట్టుకుని, మోకాళ్ల కింద దాకా వచ్చే స్కర్టు వేసుకుని, భుజాల మీద శాలువా, తలకు స్కార్ఫ్ కట్టుకుని వెళ్లాను. ప్యాంటు వేసుకుని పెద్దల ముందుకు వెళ్లే ఆడపిల్లను అక్కడ చాలా ఇళ్లలో ఇప్పటికీ మెచ్చరు.

ఊరు అంటే మనకు వీధులు, రచ్చబండ, రామాలయం, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న గోడలు. అక్కడ అదేం ఉండదు. కొండ వాలు మీద ఒక్కో కుటుంబం విడివిడిగా, కేకేస్తే వినపడేంత దూరంలో ఉంటుంది. ఒక కుటుంబపు ఆవరణను ఉముజి అంటారు. అందులో నాలుగైదు గదులు వేర్వేరుగా, ఒక గుండ్రటి గుడిసె, ముళ్ల కంచెతో పశువుల దొడ్డి, కొంచెం మొక్కజొన్న చేను. జొహానెస్‌బర్గ్‌లోనో డర్బన్‌లోనో పనిచేసే కొడుకులు పంపిన డబ్బుతో కట్టిన పెంకుల ఇల్లు పక్కనే మట్టిగోడల గుడిసె ఉంటుంది. ఆ గుండ్రటి గుడిసెను తీసేయరు, ఎందుకంటే ఇంటి పెద్దల ఆత్మలకు చోటు అందులోనే. లోపలికి వెళ్లాక కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు కూర్చుంటారు. వెనక గోడ దగ్గరి భాగం పూర్వీకులది. బయటివాళ్లు అటు వెళ్లకూడదు.

ఇందునా దగ్గర పని గురించి మాట్లాడటానికి చాలాసేపు పట్టింది. ముందు పలకరింపులు. ఒక్క మనిషే ఎదురుగా ఉన్నా బహువచనంలో "సనిబొనాని" అనాలి. ఆరోగ్యం అడగాలి, మన ఆరోగ్యం చెప్పాలి, కాసేపు మౌనంగా ఉండాలి. మన ఇళ్లల్లో పెద్దలు వస్తే లేచి నిలబడతాం. అక్కడ పెద్దల ముందు నిలబడి ఉండటమే అమర్యాద, వెంటనే కింద కూర్చోవాలి. కళ్లలోకి సూటిగా చూడకూడదు. ఏదైనా ఇచ్చేటప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఇవ్వాలి. ఇవన్నీ సిసి ముందు రోజు రాత్రి నాకు కూర్చోబెట్టి నేర్పింది.

ఆయన నా పేరు అడగలేదు. ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. మా వాళ్లలో ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు పెళ్లి చేసుకుంటారా అని అడిగాడు. చేసుకోరు అన్నాను. ఆయన తలాడించి, పక్కనున్న ముసలాయనతో ఏదో అన్నాడు. "మనలాగే పద్ధతి గల మనుషులే అంటున్నారు" అని సిసి నా చెవిలో చెప్పింది. జులు కుటుంబాల్లోనూ ఒకే వంశనామం వాళ్ల మధ్య పెళ్లి నిషిద్ధం. ఆ తర్వాతే నా పని ఏంటని అడిగారు.

ఇందునా ఒప్పుకున్నాక మండలి కూర్చునే రోజు చెప్పి రమ్మన్నాడు. మండలి హాలు రేకుల కప్పు, సిమెంటు గచ్చు. బయట చెట్టు కింద జనం. మా కంటే ముందు పశువులు చేలో పడ్డ తగాదా ఒకటి నడిచింది. ఎవరి ఆవు, ఏ రంగు, ఏ మచ్చ అనే దాని మీద చాలాసేపు వాదన. అక్కడి వాళ్లకు పశువు ఒంటి మీది ప్రతి మచ్చల తీరుకూ ఓ పేరుంది. సాక్షి ఒకాయన మాటలతోనే ఆ ఆవును బొమ్మ గీసినట్టు వర్ణించాడు. అర్థం కాకపోయినా వింటూ కూర్చున్నాను. విసుగు రాలేదు, ఎందుకంటే ఎదుటివాళ్ల మాట పూర్తయ్యేదాకా అక్కడ ఎవరూ అడ్డు తగల్లేదు.

నా వంతు వచ్చాక నేల మీద చాప వేసుకుని కూర్చుని, ఇన్‌కోసిని "ఎన్‌దబెజీతా" అని గౌరవంగా సంబోధించి, రాసుకున్న జులు వాక్యాలు చదివాను. మిగిలినది సిసి చెప్పింది. ప్రశ్నలు వరసగా వచ్చాయి. దోమల మందు కొట్టేవాళ్లు ఏటా వచ్చి సామాను బయట పెట్టమంటారు, జనాభా లెక్కలవాళ్లు నిరుడు వచ్చారు, హెచ్ఐవీ పరీక్షలవాళ్లు వస్తారు, ఓట్లవాళ్లు వస్తారు. "అందరూ మమ్మల్ని రాసుకుపోతారు. రాసుకున్నది మాకు ఎవరు చూపించారు?" అని ఒక పెద్దాయన అడిగాడు. ఆ మాటలో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. పని అయ్యాక ఇదే హాల్లో, జులు భాషలో, అందరి ముందూ చదివి వినిపిస్తానని చెప్పాను. అది మండలి మినిట్స్‌లో రాయించారు.

ఇంకో ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. "నువ్వు డర్బన్ ఇండియన్‌వా?" అని అడిగారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి 342 మందితో ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా కూలి ఒప్పందం మీద వచ్చారు. వాళ్లలో మన ఉత్తరాంధ్ర నుంచీ, చిత్తూరు వైపు నుంచీ వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది. సొంత భూమి, సొంత పశువులు ఉన్న జులు కుటుంబాలు తెల్లవాళ్ల చెరకు తోటల్లో ఆ షరతులకు కూలి చేయడానికి ఒప్పుకోలేదు కాబట్టే మనవాళ్లను ఓడలెక్కించారు. ఆ తర్వాత రెండు జనాల మధ్య మంచీ జరిగింది, చెడూ జరిగింది. 1949లో డర్బన్ అల్లర్లు, 2021 జులైలో డర్బన్ దగ్గర భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్స్‌లో నల్లజాతివాళ్ల మరణాలు. ఆ గాయం పచ్చిగానే ఉంది. నేను ఇండియా నుంచి చదువుకోవడానికి వచ్చానని, మా ఊళ్లోనూ నీళ్లు కొనుక్కునే బతుకే అని చెప్పాను. క్యాన్ ధర ఎంత అని అడిగారు. చెప్పాను. రాండ్లలోకి (అక్కడి డబ్బులోకి) మార్చి లెక్కేసుకుని తమలో తాము మాట్లాడుకున్నారు. అక్కడి నుంచి గదిలో వాతావరణం మారింది.

అయినా ఆ రోజే లెటర్ ఇవ్వలేదు. "మేం ఒప్పుకుంటే చాలదు. ఇళ్లలోకి వెళ్లేది నువ్వు, తలుపు తీయాల్సింది వాళ్లు" అన్నారు. ఊరి సమావేశం పెట్టారు. మగవాళ్లు కుర్చీల్లో, ఆడవాళ్లు చాపల మీద. ప్రార్థనతో మొదలైంది. మొదటి గంట మగవాళ్లే మాట్లాడారు. రోడ్డు, కరెంటు, కుర్రాళ్లకు ఉద్యోగాలు. నీళ్ల మాట వచ్చినప్పుడు వెనక నుంచి ఒక అవ్వ లేచింది. అక్కడ అవ్వలందరినీ గోగో అంటారు. "నీళ్లు మోసేది మేము. మమ్మల్ని అడగమనండి. మగవాళ్లను అడిగితే కుళాయి ఉంది అంటారు. కుళాయి ఉంది, అందులో నీళ్లు లేవు" అంది. ఆడవాళ్లంతా గట్టిగా సమర్థించారు. ఇంటి పెద్ద అనుమతి తీసుకుని, ప్రశ్నలు మాత్రం నీళ్లు తెచ్చేవాళ్లనే అడగాలని అక్కడే తీర్మానం అయింది. నా ప్రశ్నావళిలో 'కుటుంబ యజమాని' అని ఉన్న చోటల్లా ఆ సమావేశం తర్వాత మారింది. ముద్ర వేసిన లెటర్ కొన్నాళ్లకు చేతికొచ్చింది. వార్డు కౌన్సిలర్‌కు ఒక కాపీ ఇచ్చి, సంతకం తీసుకున్నాం.

ఇళ్ల సర్వేలో పద్ధతి ఒకటే. గేటు బయట నుంచి సిసి ఆ ఇంటి వంశనామం పెట్టి కేక వేస్తుంది. లోపలి నుంచి పిలుపు వచ్చాకే కదలాలి. చెప్పులు విప్పి లోపలికెళ్లి ఎడమవైపు చాప మీద కూర్చుంటాం. నా ఫారంలో అరగంట పని అని రాసి ఉంది. పలకరింపులకే అరగంట పట్టేది. దాన్ని కుదించాలని నేను ఎప్పుడూ ప్రయత్నించలేదు. ఆ మాటల్లోనే ఇంటి పరిస్థితి తెలిసేది. కొడుకు ఎక్కడ పనిచేస్తున్నాడు, ఎన్నాళ్లుగా డబ్బు పంపలేదు, మనవలు ఎంతమంది ఉన్నారు. హెచ్ఐవీ ఈ ప్రాంతాన్ని ఎంత తిన్నదో కూడా అప్పుడే తెలుస్తుంది. దక్షిణాన హ్లబీసా దగ్గర జరిగిన అధ్యయనంలో, పదిహేనేళ్లవాళ్లు సగటున ఎన్నేళ్ల వయసు దాకా బతుకుతారన్న అంచనా 2003లో 49.2 ఏళ్లు. ప్రభుత్వం ఉచితంగా మందులు ఇవ్వడం మొదలెట్టాక 2011కల్లా అది 60.5 అయింది. ఆ చెడ్డ సంవత్సరాల్లో కొడుకులను, కోడళ్లను పోగొట్టుకుని మనవలను పెంచిన గోగోలు ఇప్పుడు ఇంటికి ఆధారం. 2023 ఏప్రిల్‌లో వృద్ధాప్య పెన్షన్ నెలకు 2,080 రాండ్లు, పిల్లల గ్రాంటు 500 రాండ్లు. చాలా ఇళ్లు ఆ రెండింటి మీదే నడుస్తున్నాయి.

నీళ్లకు డబ్బు పెడుతున్నారా అని ముందుగా కొన్ని ఇళ్లలో అడిగి చూస్తే అందరూ లేదనే చెప్పారు. దక్షిణాఫ్రికాలో 2001 నుంచి పేద కుటుంబానికి నెలకు 6,000 లీటర్లు ఉచితం అనే విధానం ఉంది కాబట్టి కాగితం మీద అది నిజమే. అయితే ఆవరణలో నీళ్ల డ్రమ్ములు నిండుగా కనిపించేవి. పికప్ బండి ఉన్నవాళ్లు నది నుంచో పట్టణం నుంచో నీళ్లు తెచ్చి డ్రమ్ముల్లో పోస్తారు. వాళ్లకిచ్చే డబ్బు బండి కిరాయి అని అందరూ అనుకుంటారు, నీళ్ల ఖరీదు అనుకోరు. ప్రశ్నను 'బండి వాళ్లకు పోయిన నెల ఎంత ఇచ్చారు, ఇంకా ఎంత బాకీ ఉంది' అని మార్చాం. అప్పుడు లెక్క బయటపడింది. పెన్షన్ రోజు వరకు అప్పు మీద నీళ్లు పోయించుకుని, డబ్బు రాగానే ముందు బండివాడికి కట్టేస్తున్నారు. రేకుల కప్పు ఉన్నవాళ్లు జోజో ట్యాంకు (పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు) పెట్టుకుని వాన నీళ్లు పట్టుకుంటారు. గడ్డి కప్పు ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. అంటే అందరికంటే పేద ఇల్లే నీళ్లకు ఎక్కువ ఖర్చు పెడుతోంది. కనిగిరిలోనూ ఇదే చూశాను, ఈ జులు ఊరి లెక్కల్లో మళ్లీ కనిపించేసరికి నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారాలు సర్వే ఉండేది కాదు. అంత్యక్రియలు శనివారమే చేస్తారు. ఎవరింట్లో చావు జరిగినా ఊరంతా వెళ్తుంది, శుక్రవారం రాత్రంతా జాగారం. మేం కూడా వెళ్లాం. ఆడవాళ్లంతా పెద్ద గిన్నెల చుట్టూ కూర్చుని క్యాబేజీ, క్యారెట్, గుమ్మడి తరుగుతుంటే నాకూ ఒక కత్తి ఇచ్చారు. ఫారం చేతిలో ఉన్నప్పుడు ఎవరూ చెప్పని సంగతులు ఆ రాత్రి విన్నాను. మున్సిపాలిటీ నీళ్ల ట్యాంకరు వస్తుందని రాత్రి రెండింటికే క్యాన్లు వరసలో పెట్టి కాపలా కాసేది ఎవరో, ఆ చీకట్లో ఆడపిల్లలను పంపడానికి తల్లులు ఎంత భయపడతారో చెప్పారు. నది దగ్గర మొసళ్లు ఉంటాయి. నదిలో, మడుగుల్లో దిగే పిల్లలకు బిల్హార్జియా (నీళ్లలోని సన్నటి పురుగుల వల్ల వచ్చే జబ్బు) సోకి మూత్రంలో రక్తం పడుతుంది. కొందరు తల్లులు అది ఎదిగే వయసులో మామూలే అనుకుంటారు. 2000లో రాష్ట్రమంతా పాకిన కలరా గురించి గోగో ఒకామె చెప్పింది. లక్షకు పైగా జనానికి సోకిన ఆ జబ్బు దక్షిణాన ఎంపంగేని వైపు, నీళ్లకు ముందుగా డబ్బు కట్టాల్సిన కుళాయిలు వచ్చిన చోట మొదలైంది. "డబ్బు లేనివాళ్లు మళ్లీ ఏటికి పోయారు" అంది. ఎన్నో వ్యాసాల్లో చదివిన సంగతి అది. ఆమె నోట విన్నప్పుడే దాని బరువు నాకు తెలిసింది. ఆ రాత్రి విన్నవాటిలో ఏవి రాయవచ్చో తర్వాత ఆ ఆడవాళ్లనే అడిగి, సరేనన్నవి మాత్రమే రాశాను.

నివేదిక తయారయ్యాక ఎథిక్స్ కమిటీకి పంపే ముందే మండలి హాలుకు తీసుకెళ్లాను. సిసి జులులో చదివింది. గోడకు ఊరి నీటి పటం అంటించాం. ఏ కుళాయి పనిచేస్తోంది, ఏది ఎండిపోయింది, ఎవరు ఎంత దూరం నడుస్తున్నారు అన్నవి అందులో ఉన్నాయి. సమావేశంలో లేచి మాట్లాడిన గోగో దగ్గరికొచ్చి చూసి, కొండ మొదట్లోని ఊట ఇందులో లేదంది. ఆగస్టులో మిగతావన్నీ ఎండిపోయినా అందులో కాస్త నీళ్లుంటాయట. ఇంకో ఇద్దరు ఆ దారి ఎటో గీసి చూపించారు. బండి కిరాయి పట్టిక ముందు మగవాళ్లు చాలాసేపు నిలబడ్డారు. ఒక ఇంటి పెద్ద తన భార్యను "ఇంత కడుతున్నామా?" అని అడిగాడు. ఆమె "నువ్వు ఎప్పుడూ అడగలేదు" అంది.

సరిచేసిన పటం మీద మండలి ముద్ర వేయించి, క్లినిక్‌కు, స్కూలుకు, కౌన్సిలర్‌కు ఒక్కో కాపీ ఇచ్చాం. మున్సిపాలిటీ అభివృద్ధి ప్రణాళిక కోసం ఏటా పెట్టే బహిరంగ సమావేశానికి ఆడవాళ్లు దాన్ని తీసుకెళ్లారు. ట్యాంకరు ఏ రోజు వస్తుందో ముందుగా రాసివ్వాలని, రాత్రిపూట కాకుండా పగలే రావాలని అడిగారు. అది రికార్డులో నమోదైంది. పైపులైను పని ఇంకా మొదలు కాలేదు. ట్యాంకరు మాత్రం ఎక్కువసార్లు పగలే వస్తోంది. సిసి నెలకోసారి అన్ని కుళాయిల దగ్గరికీ వెళ్లి, ఏది పనిచేస్తోందో పటం మీద గుర్తు పెట్టి, ఒక కాపీ మండలి హాలు గోడకు అంటించి, ఫోటో నాకు వాట్సాప్‌లో పంపుతోంది.